నాన్న డప్పు, నా లూపు

ఫిబ్రవరి 9, 2002

విక్టర్ బావ వచ్చి వెళ్ళాడు. ఓడ మీద ఫిట్టరు కదా, ఏడాదికోసారి దర్శనం. చెల్లెలని మా ఆవిడ సుగుణకి చాక్లెట్లు, మా నాన్నకి స్వెట్టరు — బందరులో స్వెట్టరు! — నాకొక అట్టపెట్టె. తెరిస్తే నల్ల రికార్డులు, పద్నాలుగు. ఏదో రేవులో ఒక కొట్టు మూసేస్తుంటే ఏరుకొచ్చాడట. "నీ మైకుసెట్టు షాపులో పాత ప్లేయరు పడుంది కదా బావా, దానికేదైనా పని చెప్పు." చాలావాటి మీద పేరు కూడా లేదు. మధ్యలో తెల్ల కాగితం, దాని మీద పెన్నుతో ఒక అంకె.

ఫిబ్రవరి 10

చర్చి అయ్యాక షాపు తీసి ఒకటి పెట్టాను. ధబ్ ధబ్ ధబ్ ధబ్. పాట ఎప్పుడు మొదలవుతుందా అని కూర్చున్నాను. ఆరు నిమిషాలు. మొదలవలేదు. అయిపోయింది.

షాపు వెనకే ఇల్లు. లోపల్నుంచి నాన్న — "ఏంట్రా పౌలూ, రైలు పట్టాలు తప్పిందా?"

ఫిబ్రవరి 13

తప్పు నాదే. నలభై ఐదు స్పీడు మీద తిప్పాల్సినదాన్ని ముప్పైమూడు మీద తిప్పాను. ఇప్పుడు సరిపోయింది. ఇప్పుడు కూడా పాట లేదు.

ఫిబ్రవరి 21

వారం రోజులుగా అదే పని. సుగుణ చెవుల్లో దూది పెట్టుకుని వంట చేస్తోంది. నాకే అర్థం కావట్లేదు, ఎందుకింత పిచ్చి పట్టిందో. రాస్తే తెలుస్తుందేమో.

సినిమా పాట అంటే భోజనం. పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి — పప్పు, కూర, పెరుగు, లేచి చెయ్యి కడుక్కోవడం. ఇది వక్కపొడి. నములుతూ ఉండడమే. ఒకటే దరువు ముక్క, దాన్ని చుట్టి చుట్టి వేస్తారు. దాన్ని లూపు అంటారట, ఈ రకం సంగీతాన్ని టెక్నో అంటారట. మూడో నిమిషంలో ఒక చిన్న చప్పుడు వచ్చి చేరుతుంది, స్టీలు గ్లాసుకి చెంచా తగిలినట్టు. అంతే. ఆ ఒక్కటి చేరేసరికి నాకు ఒళ్ళు ఝల్లుమంటుంది. అంతసేపు ఒకటే వింటే చిన్న మార్పు కూడా పెద్ద వార్తే. మళ్ళీ ఆ చెంచా పోతుంది... పోయాక కూడా వినపడుతూనే ఉంటుంది.

ఇంకొకటి. ఇది ఎక్కడికీ వెళ్ళదు. చేరాల్సిన చోటు లేదు. ఆడేవాడికి ఎప్పుడు అయిపోతుందో అన్న దిగులు లేదు. అందులోనే ఉంది మొత్తం సుఖం.

మార్చి 2

గుడివాడ శ్రీను వచ్చాడు. పెళ్ళిళ్ళకీ కాలేజీలకీ బేరాలు తెచ్చేది వాడు, వేసేది నేను. వాళ్ళది వరి పొలాల కుటుంబం, మాది ఊరవతల పేట. అయినా పదేళ్ళుగా బావా అంటే బావా. రికార్డు వినిపించాను. "ఇది ఎవడికి కావాలి పౌలు బావా? కందకి లేని దురద నీకెందుకు?" అన్నాడు. అంటూనే స్కూటరు సీటు మీద వేళ్ళతో కొడుతున్నాడు. వాడికి తెలీదు తను కొడుతున్నట్టు.

మార్చి 5

చిలకలపూడిలో నిశ్చితార్థం. సాయంత్రం టిఫిన్ల టైములో ఒక రికార్డు వేసి చూశాను. ఇద్దరు కుర్రాళ్ళు లేచారు, మూడు నిమిషాలు ఊగారు, ఒకరి మొహం ఒకరు చూసుకుని కూర్చున్నారు. పెళ్ళికూతురి పిన్ని వచ్చి — "బాబూ, మిషను చెడిపోయిందాండీ?"

ఆలోచిస్తే తెలిసింది. చప్పుడంతా ప్లాస్టిక్. మనవాళ్ళ కాలు తోలు చప్పుడికి లేస్తుంది. కంప్యూటరులో ముక్కలు కోసి అతికించడం నాకిప్పుడు వచ్చు. ఇదే పని తోలు మీద చేస్తే...

మార్చి 8

నాన్న షాపులోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఒక రికార్డు మొదట్నుంచి చివరిదాకా విన్నాడు. మడమ కదులుతోంది.

"ఇందులో పాట ఎందుకు లేదో తెలుసా?"

"ఎందుకు?"

"నడిచేవాడికి పాటెందుకురా?"

లేచి వెళ్ళిపోయాడు. నాకు నవ్వొచ్చింది మొదట. తర్వాత రాలేదు.

నాన్న ఇప్పుడు చర్చిలో డోలక్. అంతకుముందు, దివిసీమలో ఉన్నప్పుడు, డప్పు. దాసు డప్పంటే ఆ చుట్టుపక్కల పేరట. నాకు చూసిన జ్ఞాపకం లేదు. చర్చి సంఘంలో చేరాక మానేశాడని అమ్మ చెప్పేది. మా ఇంట్లో ఆ మాట రాదు.

మార్చి 10

అడిగేశాను. ఒక్కసారి డప్పు కొట్టు నాన్నా, రికార్డు చేసుకుంటాను అని.  మజ్జిగ తాగి పడుకున్నాడు.

మార్చి 13

"ఒక్కసారే. నీ గదిలో ఉండాలి అది. బయట వెయ్యనని చెప్పు."

చెప్పాను. ఎంత తేలిగ్గా చెప్పానో!

మార్చి 15

పామర్రులో తెలిసిన బృందం దగ్గర డప్పు అడిగి తెచ్చాను. నాన్న పెరట్లో గడ్డి మంట వేసి కాచాడు, వేలితో తట్టి చూసి మళ్ళీ కాచాడు. పాతికేళ్ళ కిందటి పని, చేతులు మర్చిపోలేదు. నా గదిలో మైకు పెట్టి, కొత్త క్యాసెట్టు వేసి, బటన్ నొక్కాను. "తలుపేసి బయటికి పో" అన్నాడు.

బయట అరుగు మీద కూర్చుని విన్నాను. మా నాన్న చేతిలో ఇది ఉందా? ఇన్నాళ్ళూ ఇది డోలక్ కింద దాక్కుందా? లావు పుల్ల నేలని అడుగుతున్నట్టు, సన్న పుల్ల జవాబు చెప్తున్నట్టు. మధ్యలో కాసేపు ఆపాడు. చెయ్యి నొప్పెట్టిందనుకున్నాను. మళ్ళీ అందుకున్నాడు. క్యాసెట్టు ఒక పక్క అయ్యేదాకా కొట్టాడు.

బయటికొచ్చాడు. సరాసరి వెళ్ళి తలస్నానం చేశాడు. అన్నం తినలేదు. సుగుణ అడిగితే ఆకలి లేదన్నాడు.

మార్చి 17

మొదటి రెండు నిమిషాలు కంప్యూటరులోకి ఎక్కించాను. నాన్న చెయ్యి గడియారానికి లొంగదు. ఒక చుట్టు కొంచెం ముందు పడుతుంది, తర్వాతది కొంచెం ఆగుతుంది. దాన్ని సరిచేస్తే చచ్చిపోతోంది. సరిచెయ్యకపోతే కింద వేసిన ధబ్ ధబ్‌తో కలవట్లేదు. ఆఖరికి ఒక ముక్క దొరికింది. నాలుగు చుట్లు, ఎనిమిది సెకన్లు. చివరనీ మొదలునీ అతికిస్తే అతుకు కనపడలేదు. గంటసేపు అలా తిరగనిచ్చాను. విసుగు రాలేదు. ముక్కకి కంప్యూటరులో పేరు పెట్టాలి కదా — నాన్న ఒకటి.

ఏప్రిల్ 4

వేశాను.

గుడ్లవల్లేరు దగ్గర కాలేజీ కుర్రాళ్ళ ఫేర్‌వెల్. మధ్యాహ్నం, రేకుల షెడ్డు, చెమట. సినిమా పాటలకి లేచినవాళ్ళు పాట అవగానే కూర్చుంటున్నారు. మూడు సార్లు అలా అయింది. నా చెయ్యి దానంతట అదే వెళ్ళింది... కింద టెక్నో రికార్డు, పైన నాన్న. ముందు రికార్డు ఒక్కటే నడిపించి, జనం అలవాటు పడ్డాక నాన్నని కొద్దికొద్దిగా పైకి తెచ్చాను.

షెడ్డు లేచింది. అబ్బాయిలు, అమ్మాయిలు, గోడ పక్కన నిలబడ్డ లెక్చరర్లు కూడా. ఎవరూ కేకలు వెయ్యలేదు, అది వింత. అందరూ కిందికి చూస్తూ ఆడుతున్నారు. ఇరవై నిమిషాలు. ఆపితే "ఆపొద్దు సార్" అని ఒకటే గోల. నా జీవితంలో ఇంత సంతోషం ఎప్పుడూ లేదు. పెళ్ళినాడు కూడా లేదు, సుగుణ ఇది చదవకూడదు.

బస్సులో వస్తుంటే గుర్తొచ్చింది. గదిలో ఉండాలన్నాడు. గుడ్లవల్లేరు గది కాదు.

ఏప్రిల్ 5

తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను. నాన్న "కాలేజీలో బాగా జరిగిందా?" అన్నాడు. బాగా జరిగింది నాన్నా. అంతే.

ఏప్రిల్ 19

గుడివాడ బస్టాండులో ఎవరో కుర్రాడి దగ్గర పాటల డబ్బా. అందులో నాన్న! నేను ఇద్దరికి సీడీ చేసిచ్చాను, వాళ్ళు ఎంతమందికి చేశారో. నిలబడి విన్నాను. గర్వం. ఆ కుర్రాడు నావైపు చూసేలోగా బస్సెక్కేశాను.

ఏప్రిల్ 22

శ్రీను — "మా మేనత్త కొడుకు పెళ్ళి. అదే వెయ్యాలి బావా. పెళ్ళికొడుకు ప్రత్యేకంగా అడిగాడు." కుదరదన్నాను. ఎందుకన్నాడు. చెప్పలేకపోయాను. చెప్పలేక సరే అన్నాను. నాకన్నా బుద్ధిలేనివాడు ఈ జిల్లాలో ఉంటే చూపించమను.

మే 4

ఇంటికి చేరేసరికి పదకొండయింది. అయినా రాసెయ్యాలి.

గుడివాడ ఫంక్షన్ హాలు, బయట ఆవరణ, ఇంకా పొద్దు పోలేదు. పెళ్ళికొడుకు, స్నేహితులు, ఆడపిల్లలు, నలభైమంది దాకా ఆడుతున్నారు. నాన్న ముక్క వేసి అయిదు నిమిషాలయిందేమో. వెనక కుర్చీల్లోంచి ఒక పెద్దాయన లేచాడు. తెల్ల పంచె, చేతికర్ర. పెళ్ళికొడుక్కి తాత వరస, రంగారావు గారు, దివిసీమ నుంచి వచ్చారు. ఆడేవాళ్ళ మధ్యలోంచి నడుచుకుంటూ సరాసరి నా బల్ల దగ్గరికి.

"ఆపవయ్యా. ఆపు! ఏం వేస్తున్నావో తెలుసా నీకు? చావు దెబ్బ ఇది. శవం ముందు కొట్టేది. పెళ్ళిపందిట్లో వేస్తావా?"

ఆపాను. ఆడుతున్నవాళ్ళు ఎత్తిన చేతులు ఎత్తినట్టే నిలబడ్డారు. పెళ్ళికూతురి తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శ్రీను నా వంక చూసిన చూపు... వాడికీ తెలీదు, నాకూ తెలీదు. ఈ వయసువాళ్ళం ఎవరికి తెలుసు? మాకు డప్పంటే డప్పే. ఏ దెబ్బ దేనికో తెలిసినవాడు ఇంట్లో ఉన్నా నేను అడగలేదు.

ఆయన వెళ్ళబోతూ ఆగారు. గొంతు తగ్గింది.

"ఈ చెయ్యి నాకు తెలుసు. ఇది మా దాసు చెయ్యి. నీకెక్కడిది?"

"మా నాన్నండీ."

"ఉన్నాడా ఇంకా?"

ఉన్నారన్నాను. ఎక్కడ అని అడిగారు. చెప్పాను.

మే 5

ఆదివారం. చర్చిలో నాన్న డోలక్. నేను మొదటి వరసలో కూర్చోలేదు.

శ్రీను ఫోన్ — శాంతి హోమం చేయిస్తున్నారట. "నిన్నేం అనలేదులే బావా, నన్నే అన్నారు."

మే 9

రంగారావు గారు వచ్చారు. కారులోంచి దిగి, షాపు దాటుకుని, నేరుగా ఇంట్లోకి. నాన్న కుర్చీలో ఉన్నాడు. లేవలేదు. అది నాకు బాగా నచ్చింది, ఇలాంటి రోజున కూడా.

"దాసూ... బాగున్నావా?"

"బాగున్నానండీ. కూర్చోండి."

సుగుణ టీ ఇచ్చింది. నేను గుమ్మంలో. 

"మొన్న గుడివాడలో, మావాడి పెళ్ళిలో, మీ అబ్బాయి నీ దెబ్బ వేశాడయ్యా. అందరూ గంతులేస్తున్నారు. నేను అరిచేశాను. అరిచి ఇంటికెళ్ళాను గానీ, నిద్రపట్టలా."

నాన్న నావైపు తిరగలేదు.

"డెబ్బై ఏడులో ఉప్పెన అయిన నెలకి మా అమ్మ పోతే నీకు కబురు పెట్టాం. రానన్నావు. దాసుకింత పొగరా అని ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకున్నాను."

"పొగరు కాదండీ. మా పిల్లకి కొట్టలేదు నేను. అన్ని శవాల్లో అదీ ఒకటి, వెతికి పట్టుకునేసరికే పూడ్చేశారు. దానికి కొట్టని చేత్తో ఇంకొకరికి ఎట్లా కొడతానండీ?"

రంగారావు గారు టీ గ్లాసు కింద పెట్టేశారు. 

రూతక్క. నాకన్నా మూడేళ్ళు పెద్ద. ఏడేళ్ళు దానికి. ఫోటో లేదు. ఉప్పెనలో పోయిందని తెలుసు. ఇది తెలీదు. సంఘం కోసం మానేశాడనే అనుకున్నాను, అమ్మ ఎందుకలా చెప్పిందో.

మే 10

నాన్న నాతో మాట్లాడలేదు.

మే 11

మాట్లాడలేదు. తిట్టినా బాగుండు. చిన్నప్పుడు బెల్టు తీసేవాడు, ఆ బెల్టు కోసం వెతుక్కుంటున్నాను ఇప్పుడు.

మే 12

చర్చిలో నాన్న వెనక బెంచీలో కూర్చున్నాడు. డోలక్ అట్లాగే ఉంది, గుడ్డ కప్పి. పాస్టరు గారు పిలిస్తే ఒంట్లో బాగాలేదన్నాడు. కాళ్ళూ చేతులూ అన్నీ బాగున్నాయి, నాకు తెలుసు. పాటలు తాళం లేకుండా ఈడ్చుకుంటూ సాగాయి. అందరూ నాన్న వంక చూశారు. నేను నేల వంక చూశాను.

ఇరవై నాలుగేళ్ళ కిందట ఒకసారి ఆగిన చెయ్యి. మళ్ళీ నా వల్ల ఆగింది. ఇది తప్ప నాకింకేం తోచట్లేదు.

మే 14

ఎండ మండిపోతోంది. షాపులో ఎవరూ లేరు. నాన్న వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"పెట్టు."

"ఏది నాన్నా?"

"పెళ్ళిలో వేసింది."

పెట్టాను. అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని విన్నాడు. నేను ఆయన మొహం చూడలేక స్పీకరు వంక చూస్తున్నాను. ఎనిమిది సెకన్లు, మళ్ళీ ఎనిమిది సెకన్లు, మళ్ళీ. ఎక్కడ అతికించానో నాకిప్పుడు స్పష్టంగా వినపడుతోంది. ఆరు నిమిషాలు పోయాక నాన్న నోరు తెరిచాడు.

"ఎంతసేపు మోయిస్తావురా దాన్ని?"

ఆపేశాను.

కోపంగా చెప్పలేదు. పని నేర్పుతున్నట్టు చెప్పాడు, నాకు జీవితంలో ఎప్పుడూ నేర్పని పని. "మొదట నడక దెబ్బ. సగం దారిలో దింపుడు కళ్ళం. పాడె కిందకి దించి, ఒకవేళ ప్రాణం ఉందేమోనని, చెవిలో పేరు పిలుస్తారు, మూడుసార్లు. అప్పుడు డప్పు ఆగాలి. పలక్కపోతే మళ్ళీ ఎత్తుతారు. ఆఖర్న చేర్చే దెబ్బ. మనకా ఆచారం లేదనుకో, పెద్ద ఇళ్ళలో చూసి చూసి నాకు అలవాటు. నువ్వు నడక ఒక్కటే కోశావు. దించలేదు, చేర్చలేదు. అదట్లా పాడె మీదే ఉంది."

నేను కాళ్ళు పట్టుకున్నాను. ఏడ్చాను కూడా. వదిలించుకోలేదు, దగ్గరికీ తీసుకోలేదు.

"ఆ రోజు మధ్యలో ఆపాను కదా. అప్పుడు పిలిచాను రూతుని. ఉప్పెన తర్వాత మళ్ళీ నోటితో దాని పేరు అనలేదు నేను, మీ అమ్మ దగ్గర కూడా. ఆ గదిలోనే అన్నాను. నువ్వేం వేసుకున్నావో నాకెందుకు గానీ, అది ఒకసారి వినిపించు. నా గొంతు ఎట్లా వచ్చిందో చూడాలి."

"టేపు వెతకాలి నాన్నా."

"వెతుకు."

మే 15

వెతకడానికేముంది. సొరుగులో పైనే ఉంది. అట్ట మీద 'నాన్న' అని రాసింది కొట్టేసి, నా చేత్తోనే, దాని కింద — ఈస్టర్ పాటలు, రిహార్సల్.

ముక్క తీసుకున్నాక మిగతాది నాకు పనికిరాలేదు. కొత్త క్యాసెట్టు కదా అని గాయకబృందం ప్రాక్టీసు దాని మీదే, టేపు ఆగిన చోటునుంచి, రికార్డు చేశాను. నా చెవి ఎనిమిది సెకన్లు విని తృప్తిపడింది. మిగతాది టేపు మీద ఒక్కసారి, ఒక్కసారైనా, వినలేదు. అతుకు కనపడకుండా కోయడం తెలిసినవాణ్ణి నేను, పెద్ద పనిమంతుణ్ణి!

విన్నాను ఇవాళ. మొదటి రెండు మూడు నిమిషాలు నడక. తర్వాత టక్కున హల్లెలూయ, సుగుణ గొంతు, దాని కింద నాన్న డోలక్, హుషారుగా. పాటలు అయ్యాక మళ్ళీ డప్పు, చివర మూడు నిమిషాలు మిగిలింది. నెమ్మదిగా, బరువుగా. చేర్చే దెబ్బ అదే అయ్యుంటుంది.

నడక ఉంది. చేర్చడం ఉంది. పేరు లేదు.

మే 16

కంప్యూటరులో వెతికాను. చెరిపేసిన ఫైళ్ళు తెచ్చే సాఫ్టువేరు ఉందంటే విజయవాడ ఫోన్ చేశాను. మొదటి రెండు నిమిషాలు తప్ప ఎక్కించనే లేదు కదా. లేనిదాన్ని ఎవడు తెస్తాడు.

మే 17

సుగుణకి చెప్పాను. చేటలో బియ్యం ఏరుతోంది, చెయ్యి ఆగింది. "చెప్పెయ్యండి. మావయ్య గారు ఇంకొకరి నోట వింటే తట్టుకోలేరు." ఇంకొకరెవరు, తెలిసింది మనిద్దరికే అన్నాను. "అయితే మరీ చెప్పాలి" అంది.

మే 18

శ్రీను వచ్చాడు. గుడ్లవల్లేరు కుర్రాళ్ళు మళ్ళీ అడుగుతున్నారట. ఇక ఎప్పటికీ వెయ్యను అన్నాను. కంప్యూటరులో ముక్క తీసేశాను, వాడి ఎదురుగానే. శ్రీను — "సీడీలు బోలెడు ఉన్నాయి కదా బావా బయట" అన్నాడు. అవును. అక్కడెక్కడో ఇప్పుడు కూడా ఎవరో ఆడుతుంటారు. బాగుంటుంది వాళ్ళకి. నాకు తెలుసు ఎంత బాగుంటుందో.

మే 19

చర్చి నుంచి వచ్చాక నాన్న షాపులోకి వచ్చాడు. డోలక్ ఇవాళ కూడా ముట్టలేదు.

"దొరికిందా?"

"చివర దొరికింది నాన్నా."

పెట్టాను. ముందే అక్కడిదాకా తిప్పి ఉంచాను, పాటలు వినపడకుండా. నాన్న కళ్ళు మూసుకున్నాడు. మూడు నిమిషాలు. ఆఖరి దెబ్బ పడ్డాక క్యాసెట్టు అలా ఖాళీగా తిరుగుతుంటే తల ఊపాడు, ఒక్కసారి. మొహం కొంచెం తేలికపడింది. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

"బాగానే కొట్టాను. పేరు?"

చెప్పాలి. నోట్లోకి వచ్చింది. మళ్ళీ ఒకసారి పిలువు నాన్నా అని అడగొచ్చు, మైకు అక్కడే ఉంది. అడగాలంటే ముందు చెరిపేశానని చెప్పాలి. ఇరవై నాలుగేళ్ళకి ఒక్కసారి పిలిచాడు. దాని మీద నేను...

"అదింకా దొరకలేదు నాన్నా."

"ఉంటుందిలే. ఎక్కడికి పోతుంది, నిదానంగా వెతుకు" అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు, పదిరోజుల తర్వాత.

స్టూలు తియ్యొద్దన్నాడు. రేపూ వస్తాడట.